కథ ఎక్కడ ఆగిపోతోంది?



మన సంచికకి వచ్చే రచనల్లో కవితలు ఎక్కువ, కథలు తక్కువ. కథ ఎందుకు రాయలేదని ఎవరిని అడిగినా దాదాపు రెండు జవాబులే వస్తాయి. ఒకటి, "టైమ్ లేదు". రెండోది, "ఐడియా ఉంది గానీ, రెండు పేజీలు రాశాక ముందుకి కదలట్లేదు". మొదటిది పనికి సంబంధించిన కష్టం. రెండోది కల్పనకి సంబంధించిన కష్టం. ఈ పాఠంలో రెండింటినీ కలిపే చూద్దాం. ఎందుకంటే దగ్గరికెళ్లి చూస్తే రెండూ ఒకలాంటివే. కథ ఆగిపోయిన ప్రతిచోటా మనం తేల్చుకోకుండా వదిలేసిన విషయం ఒకటి ఉంటుంది. ఎవరి వైపు నుంచి చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరి యాసలో రాయాలి? రోజులో ఏ గంట దీనికి ఇవ్వాలి? స్నేహితుడి రహస్యం వాడుకోవచ్చా? రాశాక ఎవరికి పంపాలి? వీటిని ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ పోతే కథ నడుస్తుంది. తేల్చుకోకపోతే ఎంత తీరిక ఉన్నా నడవదు.

ఉత్త మాటలు కాకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. ఏ హాస్టల్‌లోనైనా జరగగలిగిందే. ఫైనల్ ఇయర్ కుర్రాడు ఒకడు. నాలుగు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. ఇంట్లో ఆ మాట చెప్పలేదు సరికదా, క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చేసిందని చెప్పాడు. పాఠం అయ్యేదాకా ఈ కుర్రాణ్ణి వెంటబెట్టుకునే వెళదాం.

1. "సెటిల్ అయ్యాక రాస్తాలే"

ఉద్యోగం వచ్చాక, ఈఎంఐలు తీరాక, తీరిగ్గా కూర్చుని రాద్దామనుకునే వాళ్లు మనలో చాలామంది. తెలుగు కథ చరిత్ర చూస్తే మాత్రం అలా తీరిక దొరికాక రాసినవాళ్లు తక్కువ. మంచి కథలు రాసినవాళ్లలో ఎక్కువమంది వేరే ఉద్యోగం చేసుకుంటూ రాసినవాళ్లే.

పాలగుమ్మి పద్మరాజు కాకినాడ పి.ఆర్. కాలేజీలో సైన్సు లెక్చరర్. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న 'గాలివాన' ఆయనదే. కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖపట్నంలో హైస్కూలు లెక్కల మాస్టారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి, అదే మన రావిశాస్త్రి, వకీలు. భౌతికశాస్త్రం చదువుకున్న కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా 'చందమామ' పని చూస్తూనే తన కథలూ నవలలూ వ్యాసాలూ రాసుకున్నారు. డాక్టర్ కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేసిన డాక్టరు. 'తన మార్గం' కథలకి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న అబ్బూరి ఛాయాదేవి ఢిల్లీలో జెఎన్‌యూ లైబ్రరీలో ఉద్యోగం చేశారు.

ఇక్కడ గమనించాల్సింది వాళ్ల ఓపిక ఒక్కటే కాదు. వాళ్ల ఉద్యోగం కథకి అడ్డం రాలేదు, చాలాసార్లు కథకి కావాల్సిన సరుకు అక్కడినుంచే వచ్చింది. మద్యనిషేధం రోజుల్లో సారా కేసులు కోర్టుల్లో ఎలా నడిచాయో దగ్గరనుంచి చూసిన వకీలు కాబట్టే రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' రాయగలిగారు. పోలీసు, ప్లీడరు, సాక్షి, ముద్దాయి ఎలా మాట్లాడతారో ఆయనకి పుస్తకాలు చూసి నేర్చుకోవాల్సిన అవసరం లేకపోయింది.

మరి మన దగ్గరున్న సరుకేంటి? ల్యాబ్ రికార్డులు, అటెండెన్స్ షార్టేజ్, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూపులు, అడ్మిన్ బ్లాక్ ముందు క్యూలు, ప్లేస్‌మెంట్ సీజన్‌లో అరువు తెచ్చుకున్న బ్లేజర్లు, మెస్‌లో వడ్డించే అన్నల జీవితాలు. ఇవి మనకి తెలిసినంత బాగా పెద్ద రచయితలకి కూడా తెలియవు. నాలుగేళ్లయ్యాక మనకీ ఇంత వివరంగా గుర్తుండవు. కాబట్టి "తర్వాత రాస్తా" అంటే ఈ సరుకుని పోగొట్టుకోవడమే.

2. ఐడియా వేరు, కథ వేరు

"బ్యాక్‌లాగ్స్ దాచిన కుర్రాడు" అనేది ఐడియా. ఇది కథ కాదు. చాలామంది ఇక్కడే కూర్చుని రాయడం మొదలుపెడతారు. మొదటి పేజీలో కుర్రాడు కిటికీలోంచి వాన చూస్తాడు. రెండో పేజీలో చిన్ననాటి జ్ఞాపకాలు. మూడో పేజీలో విద్యావ్యవస్థ మీద కోపం. తర్వాత రాయడానికి ఏమీ ఉండదు. ఎందుకంటే కుర్రాడికి ఈరోజు చెయ్యాల్సిన పనంటూ ఏమీ లేదు.

అదే పరిస్థితిని ఇలా మార్చి చూడండి. ఆ కుర్రాడి అక్కకి సంబంధం కుదిరింది. తమ్ముడికి ఉద్యోగం వచ్చిందన్న మాట మీదే కట్నం బాకీ ఆరు నెలలు ఆగడానికి అవతలివాళ్లు ఒప్పుకున్నారు. తండ్రి సంతోషం పట్టలేక, హెచ్‌ఓడీ గారికి దండం పెట్టుకుని వెళ్దామని, ఒక సంచిలో బత్తాయిలు వేసుకుని తెల్లవారుజామున బస్సెక్కాడు. పదకొండింటికి కాలేజీ గేటు దగ్గర దిగుతాడు. హెచ్‌ఓడీ మధ్యాహ్నం రెండింటికి గానీ రారు.

ఇప్పుడు కుర్రాడి చేతిలో మూడు గంటలు ఉన్నాయి. చెప్పాలా? తప్పించాలా? నాన్నని సినిమాకి తీసుకెళ్లాలా? హెచ్‌ఓడీ సెలవులో ఉన్నారని ఇంకో అబద్ధం ఆడాలా? ఏం చేసినా ఏదో ఒకటి పోతుంది. నిజం చెబితే అక్క పెళ్లి, చెప్పకపోతే నాన్న పరువు. కథ ఇక్కడ మొదలైంది.

తేడా ఏంటో చూడండి. మొదటి దాంట్లో ఒక బాధ ఉంది. రెండో దాంట్లో అదే బాధకి ఒక టైమూ, ఒక చోటూ, ఒక పనీ తోడయ్యాయి. చాసో రాసిన 'ఎందుకు పారేస్తాను నాన్నా' ఈ విషయంలో మనకి మంచి పాఠం. పేదరికం వల్ల చదువు ఆగిపోయిన పిల్లాడి కథ అది. కానీ చాసో పేదరికం గురించి ఉపన్యాసం ఇవ్వరు. తండ్రి ఆ పిల్లాణ్ణి చుట్టలు కొనుక్కురమ్మని పంపుతాడు. దారిలో బడి కనబడుతుంది. అంతే. ఆ చిన్న పనిలోనే మొత్తం దుఃఖం ఇమిడిపోయింది.

కాబట్టి మీ ఐడియాని మూడు ప్రశ్నలు అడగండి. ఈరోజే ఎందుకు జరగాలి? ఈ మనిషి ఈరోజు ఏం చెయ్యాలి? చెయ్యకపోతే ఏం పోతుంది? మూడింటికీ జవాబు దొరికేదాకా పెన్ను ముట్టుకోకపోయినా నష్టం లేదు.

3. ఎవరి కళ్లతో చూడాలి?

ఇదే కథని కనీసం నలుగురు చెప్పొచ్చు. కుర్రాడు, తండ్రి, హెచ్‌ఓడీ, రూమ్‌మేట్. ఎవరిని ఎంచుకుంటే కథ అలా మారిపోతుంది.

కుర్రాడి వైపు నుంచి చెబితే అతని భయం లోపలినుంచి తెలుస్తుంది. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య పిరికితనాన్ని రచయిత బయట నిలబడి వర్ణించినట్టు ఉండదు, అతని బుర్రలో తిరిగే ఆలోచనల్లోంచే మనం చూస్తాం. ఈ పద్ధతిలో బలం ఉంది, ఇబ్బందీ ఉంది. కుర్రాడు తనమీద తానే జాలిపడటం మొదలుపెడితే పాఠకుడికి విసుగొస్తుంది.

తండ్రి వైపు నుంచి చెబితే, అతనికి నిజం తెలియదు. మనకి తెలుసు. అతను దారిలో కనబడిన ప్రతి ప్యూన్‌కీ "మావాడికి ఉద్యోగం వచ్చింది సార్" అని చెబుతుంటే మనకి కడుపులో తిప్పుతుంది.

రూమ్‌మేట్ వైపు నుంచి చెబితే ఇంకో కథ. అతనికి నిజం తెలుసు. స్నేహితుడు స్నానానికి వెళ్లినప్పుడు ఆ తండ్రి మంచం అంచున కూర్చుని, ఒక బత్తాయి ఒలిచి చేతిలో పెట్టి, "బాబూ, నువ్వు చెప్పు, మావాడు బాగా చదువుతాడు కదా?" అని అడుగుతాడు. ఇప్పుడు నిర్ణయం రూమ్‌మేట్ మెడకి చుట్టుకుంది. అబద్ధం ఎవరిదో, భారం ఎవరిదో అయిపోయింది. నాకైతే ఈ నాలుగింటిలో ఇదే బలమైనదనిపిస్తుంది. మీకు ఇంకోటి నచ్చొచ్చు. కానీ ఒకటి తేల్చుకోకుండా, ఒక పేరాలో కుర్రాడి మనసులో, ఇంకో పేరాలో తండ్రి మనసులో తిరిగితే చిన్నకథలో ఏ మనసూ పూర్తిగా కనబడదు. రెండు పేజీల తర్వాత కథ ఆగిపోవడానికి ముఖ్యకారణాల్లో ఇదొకటి.

ఎటు తేల్చుకోవాలో తెలియకపోతే సులువైన పరీక్ష ఉంది. అదే సన్నివేశాన్ని ఇద్దరి వైపు నుంచీ చెరో ఇరవై వాక్యాలు రాయండి. ఏది రాస్తున్నప్పుడు మీకు ముందు తెలియని సంగతి ఒకటి బయటపడిందో, అదే మీ దారి.

4. మొదలు, చివర

గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. తెలుగులో తొలి కథ అదేనా, 1902లో భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి'నా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. ఆ చర్చ అలా ఉంచి, 'దిద్దుబాటు' ఎక్కడ మొదలవుతుందో చూడండి. భర్త ఎలాంటివాడు, పెళ్లెప్పుడైంది, ఏం ఉద్యోగం – ఇవేవీ ముందు చెప్పరు. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన మనిషి భార్యని పిలిచి తలుపు తియ్యమనడంతో కథ మొదలవుతుంది. పాఠకుడు నేరుగా గుమ్మం ముందుకి వచ్చేస్తాడు. మిగతా వివరాలు అవసరమైనప్పుడు, అవసరమైనంత.

మన కథకి ఇది ఎలా పనికొస్తుంది? ఇంటర్‌లో వచ్చిన మార్కులతో, ఎంసెట్ ర్యాంకుతో మొదలుపెట్టక్కర్లేదు. తండ్రి గేటు దగ్గర వాచ్‌మన్‌తో పేరు రాయించుకుంటున్న చోట మొదలుపెట్టండి. ఎవరిని కలవాలని వాచ్‌మన్ అడుగుతాడు. తండ్రి కొడుకు పేరుతో పాటు అడక్కుండానే కంపెనీ పేరు కూడా చెబుతాడు. మీరు రెండు పేజీల్లో చెబుదామనుకున్నది రెండు వాక్యాల్లో అయిపోయింది.

చివర ఇంకా కష్టం. మనవాళ్ల కథలు ఎక్కువగా రెండు రకాలుగా ముగుస్తుంటాయి. ఒకటి, ఆత్మహత్య. రెండోది, ఆఖరి పేరాలో నీతి. రెండూ రచయిత అలసిపోయాడని చెప్పే గుర్తులే. ముఖ్యంగా మొదటిదాని విషయంలో జాగ్రత్త. మన చదువరుల్లో అలాంటి స్థితిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉండొచ్చు. చావుని పరిష్కారంలా చూపించే కథ వాళ్లకి మేలు చెయ్యదు.

కారా మాస్టారి 'యజ్ఞం'లో ముగింపు భయంకరంగానే ఉంటుంది. అయినా అది ఎక్కడినుంచో ఊడిపడదు. ఊరి పంచాయితీ, తరాల అప్పు, ఒక్కొక్కరి వాదన, అన్నీ ఓపిగ్గా పేర్చుకుంటూ వచ్చి, ఇంకో దారి లేదనిపించాక ఆ ముగింపు వస్తుంది. 1966లో వచ్చిన ఆ కథ మీద చాలా ఏళ్లు వాదోపవాదాలు జరిగాయి. ముగింపు పాఠకుణ్ణి ఉలిక్కిపడేలా చేస్తే చాలదు, వెనక్కి వెళ్లి చూసుకుంటే ప్రతి మెట్టూ కనబడాలి.

మన కథకి ముగింపు నేను చెప్పను. ఒక్క సూచన మాత్రం ఇస్తాను: ఆ బత్తాయి రూమ్‌మేట్ చేతిలో ఇంకా ఉంది. తింటాడా, పక్కన పెడతాడా? మీ ముగింపు దాని చుట్టుపక్కలే దొరకొచ్చు.

5. ఏ తెలుగులో రాయాలి?

ఇది తెలుగులో రాసేవాళ్లకే ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్య. మన హాస్టల్‌లో ఒకే గదిలో శ్రీకాకుళం కుర్రాడు, కడప కుర్రాడు, ఆదిలాబాద్ కుర్రాడు ఉంటారు. ముగ్గురూ మూడు రకాల తెలుగు మాట్లాడతారు. మధ్యలో ఇంగ్లీషు. రాసేటప్పుడు మాత్రం అందరి చేతా టీవీ వార్తల భాష మాట్లాడిస్తాం. దాంతో పాత్రలు ఒక్క అచ్చులోంచి తీసినట్టు తయారవుతాయి.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'మిట్టూరోడి కథలు' మొత్తం చిత్తూరు జిల్లా పల్లె మాటలోనే నడిచాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లో తూర్పుగోదావరి మాట తీరు చెవికి వినబడుతుంది, సంభాషణలతోనే పేజీలకి పేజీలు నడిపించేస్తారు. వాళ్లిద్దరూ తాము విన్న భాషనే రాశారు. తనకి రాని యాస రాయబోతే అది సినిమా కామెడీలా తయారవుతుంది. ఉన్న మాటల చివర "గదా" తగిలిస్తే తెలంగాణ తెలుగు అయిపోదు, "అప్పా" అంటే రాయలసీమ తెలుగు అయిపోదు.

మరి మన రూమ్‌మేట్ కథలో ఏం చెయ్యాలి? కొన్ని పద్ధతులు:

కథ చెప్పే గొంతు మీ ఇంటి తెలుగులో ఉండనివ్వండి. మీకు రాని యాస పాత్రకి ఉంటే, ఆ యాస ఉన్న స్నేహితుడికి సంభాషణలు చదివి వినిపించండి. "ఈ మాట మా నాన్న అనడు" అని అతను అన్నచోటల్లా మార్చండి. యాస అంటే మాటల చివరలు మాత్రమే కాదు, వరసలు, పిలుపులు, ఒట్లు, తిట్లు కూడా. తండ్రి కొడుకు స్నేహితుణ్ణి "బాబూ" అంటాడా, "బిడ్డా" అంటాడా, "నాయనా" అంటాడా, "ఏమప్పా" అంటాడా అన్నది ఊరిని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది.

ఇంగ్లీషు విషయంలో భయం అక్కర్లేదు. "బ్యాక్‌లాగ్"కి తెలుగు పదం కోసం వెతికితే పాత్ర నవ్వులపాలవుతుంది. మనం ఏది అంటామో అదే తెలుగు లిపిలో రాద్దాం. కానీ తండ్రి నోట ఆ మాట రాకూడదు. అతను "తప్పిన సబ్జెక్టులు" అంటాడేమో. ఒకే విషయానికి ఇద్దరు వాడే రెండు మాటల మధ్య దూరమే ఈ కథ అనుకోవచ్చు.

6. రాసే గంట

ఇప్పుడు లెక్క చూద్దాం. మన పత్రికల్లో వచ్చే మామూలు కథ 2000 నుంచి 2500 పదాలు ఉంటుందనుకోండి. రోజుకి 250 పదాలు రాస్తే పది రోజుల్లో మొదటి ప్రతి పూర్తవుతుంది. 250 పదాలంటే మనం రాత్రిళ్లు గ్రూపుల్లో టైప్ చేసే చాటింగ్ అంత కూడా కాదు. కాబట్టి అడ్డం వచ్చేది టైమ్ కాదు, మొదటి ప్రతి బాగుండాలన్న పట్టుదల. రాసిన ప్రతి వాక్యాన్నీ అక్కడికక్కడే దిద్దుకుంటూ కూర్చుంటే పది రోజులైనా మొదటి పేరాలోనే ఉంటాం.

కోడ్ రాసేవాళ్లకి ఈ సంగతి తెలుసు. ముందు ఏదోలా రన్ అయ్యేలా చేస్తాం, తర్వాత బగ్స్ తీస్తాం. కథకీ మొదటి ప్రతి అలాంటిదే. చెత్తగా ఉన్నా చివరిదాకా ఉండాలి. పూర్తయిన చెత్తని దిద్దొచ్చు. సగంలో ఆగిన అందమైన కథని ఎవరూ దిద్దలేరు.

దిద్దేటప్పుడు మూడు పనులు వేరువేరు రోజుల్లో చెయ్యండి. మొదటిరోజు సన్నివేశాలు మాత్రమే చూడండి: ఏది తీసేసినా కథకి నష్టం లేదో అది తీసెయ్యండి. రెండోరోజు సంభాషణలు పైకి చదవండి. నోరు తిరగని మాట పాత్రకీ తిరగదు. మూడోరోజు అక్షరదోషాలు. మూడూ ఒకేరోజు పెట్టుకుంటే అక్షరదోషాలే కనబడతాయి, అసలు దోషం తప్పించుకుంటుంది.

సెమిస్టర్ పరీక్షల ముందు రాయకండి. ఆ పది రోజులూ వినండి, చూడండి, ఫోన్‌లో నోట్స్ పెట్టుకోండి. ఒక మాట, ఒక వాసన, ఒక అలవాటు చాలు. పరీక్షలయ్యాక అవే పనికొస్తాయి.

7. స్నేహితుడి బతుకు మన కథా?

ఇక అన్నిటికన్నా కష్టమైన విషయం. మన ఉదాహరణలో కుర్రాడు కల్పితం. కానీ మీరు రాయబోయే కుర్రాడు మీ పక్క మంచం మీద పడుకుని ఉండొచ్చు. అతను ఒకరాత్రి నమ్మి చెప్పుకున్న సంగతి మీ చేతిలో మంచి కథ అయ్యేలా ఉంది. ఏం చేస్తారు?

"పేరు మార్చేస్తే సరిపోతుంది" అనుకోకండి. మనది చిన్న లోకం. బ్రాంచి, ఊరు, నాన్న వృత్తి చెబితే చాలు, సెక్షన్ మొత్తం గుర్తుపడుతుంది. ఈ పత్రిక చదివేదీ వాళ్లే. కథ అచ్చయిన మర్నాడు మెస్‌లో అతను ఎవరి మొహం ఎలా చూడాలి?

దీనికి నాకు తోచిన పద్ధతి ఇది. ముందు ఆ సంఘటనలో మిమ్మల్ని పట్టి కుదిపిన విషయం ఏంటో విడదీయండి. బ్యాక్‌లాగ్సా? కాదు. "ప్రేమించేవాళ్లకి అబద్ధం చెప్పి, ఆ అబద్ధానికే వాళ్లు సంతోషపడుతుంటే చూడాల్సి రావడం". అది దొరికితే మిగతావన్నీ మార్చొచ్చు. ఇంజినీరింగ్ బదులు నర్సింగ్ కోర్సు, తండ్రి బదులు అమ్మమ్మ, ఉద్యోగం బదులు విదేశీ వీసా. బాధ అదే ఉంటుంది, మనిషి వేరే అవుతాడు. అలా మార్చినప్పుడు కథ చాలాసార్లు మెరుగవుతుంది కూడా. జరిగింది జరిగినట్టు రాస్తే "కానీ నిజంగా అలాగే జరిగింది కదా" అని లోపాల్ని వెనకేసుకొస్తాం. మార్చి రాసేటప్పుడు ప్రతిదానికీ కారణం మనమే వెతుక్కోవాలి.

అంత మార్చాక కూడా అతను గుర్తుపట్టేలా ఉంటే, పంపే ముందు అతనికి చదవమని ఇవ్వండి. వద్దంటే ఆపెయ్యండి. కథలు మళ్లీ వస్తాయి. నమ్మి చెప్పుకునే స్నేహితుడు ఒకసారి పోతే మళ్లీ రాడు. ఇంకో సంగతి, ఆ స్నేహితుడు నిజంగానే ఇబ్బందిలో ఉంటే ముందు చెయ్యాల్సింది కథ కాదు. పక్కన కూర్చుని, ఇంట్లో ఎలా చెప్పాలో మాట్లాడటం.

8. టైపింగు, పంపడం, ఎదురుచూడటం

కథ పూర్తయింది. ఇప్పుడు అసలు ఇంజినీరింగ్ సమస్యలు మొదలవుతాయి.

మనం ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో టైప్ చేసేది యూనికోడ్. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. అయినా అచ్చు పత్రికల డీటీపీ చాలాచోట్ల అను ఫాంట్లలో నడిచింది, కొన్నిచోట్ల ఇప్పటికీ నడుస్తోంది. అను పద్ధతిలో తెలుగు అక్షరం ముక్కలు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద కూర్చుని ఉంటాయి. అందుకే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. యూనికోడ్‌ని అందులోకి మార్చేటప్పుడు కొన్ని వత్తులు చెదిరిపోతాయి. "హాస్టల్‌లో" అని రాయడానికి పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో-విడ్త్ నాన్-జాయినర్ అనే గుర్తు ఒకటి పడుతుంది. మార్పిడిలో అది ఎగిరిపోతే "హాస్టల్లో" అయిపోతుంది. అందుకని వర్డ్ ఫైల్‌తో పాటు పీడీఎఫ్ కూడా పంపడం మంచి అలవాటు. అనుమానం వస్తే వాళ్లు దాన్ని చూసి సరిచూసుకుంటారు. పత్రిక ఏ ఫార్మాట్ అడిగిందో ముందు చదవడం మాత్రం మర్చిపోవద్దు.

రెండోది హామీపత్రం. ఉగాదికీ, సంక్రాంతికీ, దీపావళికీ పెట్టే కథల పోటీల్లో సాధారణంగా ఈ నిబంధన ఉంటుంది: కథ సొంతం, అనువాదమో అనుకరణో కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు. "ఎక్కడా" అంటే బ్లాగులు, ఫేస్‌బుక్, యాప్‌లు, చాలాచోట్ల వాట్సాప్ గ్రూపులు కూడా. లైకుల కోసం కథ మొత్తం స్టేటస్‌లో పెట్టేస్తే పోటీకి పంపే అవకాశం అక్కడే పోతుంది. ముందు ఏ దారో తేల్చుకోండి: వెంటనే నలుగురు చదవాలా, లేక పత్రికకి పంపాలా?

మూడోది మౌనం. చాలా పత్రికలు తిరస్కరించిన కథ గురించి కబురు చెయ్యవు. అందుకని ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకోండి. కథ పేరు, ఎక్కడికి పంపారు, ఏ తారీఖు, ఎన్నాళ్లు ఆగమన్నారు, ఏమైంది – ఐదు కాలమ్‌లు. గడువు దాటితే మర్యాదగా ఒక మెయిల్ రాసి కథ వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పి, ఇంకోచోటికి పంపండి. ఈలోగా రెండో కథ మొదలుపెట్టండి. ఒకే కథ మీద ఆశలన్నీ పెట్టుకుని ఇన్‌బాక్స్ చూస్తూ కూర్చోవడం కంటే ఇది మనసుకి మంచిది.

9. హక్కులు, డబ్బులు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీ కథ మీద హక్కు రాసిన క్షణం నుంచే మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. హక్కులు ఇంకొకరికి రాసివ్వాలంటే అది రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకి అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే అని చట్టం లెక్కవేస్తుంది. యాప్‌లలో కథ పెట్టేటప్పుడు "ఐ అగ్రీ" నొక్కే ముందు, ఆడియోకీ సినిమాకీ హక్కులు కూడా అడుగుతున్నారేమో చూడండి. షార్ట్‌ఫిల్మ్ తీస్తామని సీనియర్లు అడిగినా నాలుగు వాక్యాలు కాగితం మీద పెట్టుకోండి. స్నేహం చెడకుండా ఉండటానికే ఆ కాగితం.

డబ్బు సంగతి దాచిపెట్టడం అనవసరం. తెలుగులో కథలు రాసి ఇల్లు గడుపుకోవడం చాలా కొద్దిమందికే సాధ్యం. కథల పుస్తకం వెయ్యాలంటే చాలామంది రచయితలు సొంత డబ్బే పెట్టుకుంటున్నారు. ప్రింట్ ఆన్ డిమాండ్ వచ్చాక, కట్టలకొద్దీ పుస్తకాలు మంచం కింద పేర్చుకోవాల్సిన బాధ కొంత తగ్గింది. ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దానికి డబ్బు అడిగితే ఎందుకో అడగండి. ఏమైనా మొదటి కథ అచ్చవగానే పుస్తకం గురించి ఆలోచించక్కర్లేదు. పది మంచి కథలు పోగయ్యాక ఆ సంగతి చూసుకోవచ్చు.

డబ్బు లేనప్పుడు ఇదంతా ఎందుకు? శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట ఉండాలన్నది ఆయన కోరిక. పేరున్నవాళ్ల కథలే కాదు, ఒకే ఒక్క కథ రాసి ఊరుకున్నవాళ్ల కథలకీ అక్కడ చోటుంది. ఒక కాలంలో మనుషులు ఎలా బతికారో, దేనికి భయపడ్డారో, ఇంట్లో ఏం దాచుకున్నారో తెలియాలంటే ఆ కథలే ఆధారం. మన కాలపు ఇంజినీరింగ్ హాస్టల్ గది అందులో ఉండాలంటే, దాన్ని అందులో పెట్టాల్సింది అక్కడ పడుకున్నవాళ్లే.

10. వచ్చే సమావేశానికి పని

ప్రతి ఒక్కరూ 300 పదాలు రాసి తీసుకురండి. ఒకే సన్నివేశం: తండ్రి మంచం అంచున కూర్చున్నాడు, బత్తాయి ఒలిచి రూమ్‌మేట్ చేతిలో పెట్టాడు, ప్రశ్న అడిగాడు. బాత్‌రూమ్‌లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. జవాబు చెప్పడానికి రూమ్‌మేట్‌కి నిమిషం కూడా లేదు. ఎవరి కళ్లతో చూస్తారో, ఏ ఊరి తెలుగులో రాస్తారో, ఏం జవాబు చెప్పిస్తారో మీ ఇష్టం. నీతి వాక్యం మాత్రం వద్దు.

పేర్లు లేకుండా కాగితాలు కలిపేసి పైకి చదువుదాం. ఒకే సన్నివేశం ఎన్ని కథలవుతుందో అక్కడ మనకే తెలుస్తుంది. నచ్చినవాటిని దిద్దుకుని వచ్చే సంచికకి పంపండి. చాలాకాలంగా సగంలో ఆగిపోయిన కథ మీ ఫోన్‌లో ఉంటే అది కూడా తెచ్చుకోండి. ఏ నిర్ణయం దగ్గర ఆగిపోయిందో కలిసి వెతుకుదాం.